ఐదింటికి వస్తానన్న అగనేత

అగనేత తడి దుప్పటిని గట్టిగా విదిలించింది. రెండో అంచు పట్టుకున్న, ఆమెతో పనిచేసే రౌషన్ చేతుల్లోంచి అది జారిపోయింది.

"ఇవాళ ఇంత విసురుగా ఉన్నావేంటక్కా?"

"అవును. పొద్దుట్నించీ అంతే" అంది అగనేత.

ఆస్పత్రి బట్టలుతికే గదిలో ఇరవై రెండేళ్లుగా ఆమెది ఇదే పని. సోడా నీళ్లకి వేళ్ల కణుపులు పగిలి, ఆ పగుళ్లలో మందుగా రాసుకున్న గొర్రెకొవ్వు తెల్లగా పేరుకుంది. గడ్డం కింద ముడివేసిన తలగుడ్డ. యుద్ధకాలపు శ్రమశిబిరంలో పోయిన ముందుపన్ను చోట సందు. ఊళ్లో ఆమె ముఖం గుర్తున్నవాళ్లు తక్కువ.

సోవియట్ సర్కారు నిషేధించిన ఇంటి ప్రార్థనల గురించి నిన్న ఠాణాలో అధికారి అడిగింది ఒక్కటే. "ఆదివారాలు మీ ప్రార్థన ఎవరింట్లో?"

తెలియదంటే సరిపోయేది. ఊళ్లో ఎవరైనా ఆ మాటే అనేవాళ్లు. అగనేత "చెప్పను" అంది. అంటే తెలుసన్నమాట. అధికారి నవ్వాడు.

"నగరంలో జైలుకి బండి రేపు సాయంత్రం ఐదింటికి. మూట కట్టుకుని నువ్వే వస్తావా?"

"వస్తాను."

సంతకం అడగలేదు, వెంట మనిషిని పంపలేదు. ఈ జర్మన్ ప్రార్థనవాళ్లు ఒట్టు వేయరు, అన్న మాట తప్పరు. అది ఠాణాలో అందరికీ తెలుసు.

"మా తమ్ముడి లారీ మూడింటికి దూరాన ఫ్రూంజే పట్నం వెళ్తోంది" అంది రౌషన్ గొంతు తగ్గించి. "ఉన్ని బస్తాల మధ్య దూరిపో. అక్కడ మీ చెల్లెలుందిగా. రెండ్రోజులు గొర్రె కంపు భరించలేవు గానీ మూడేళ్లు జైలు భరిస్తావా?"

"వస్తానన్నానే."

"ఎవరితో? ఆ గుంటనక్కతోనా!"

అగనేత దుప్పటి మడత పెట్టింది. "పోయిన నెల మా ప్రార్థనవాళ్లలో లేనాని పట్టుకున్నప్పుడు మాట మీదే ఇంటికి పంపారు, చంటిదానికి పాలిచ్చి రమ్మని. ఇచ్చి, తిరిగి ఠాణాకి వెళ్లింది. ఇప్పుడు నేను పారిపోతే ఇంకో తల్లిని పంపుతారా?"

"నీకు భయం లేదా అక్కా?"

"ఉంది. చాలా ఉంది."

మూడింటికి హారన్ మోగింది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు నడిచిందో, అగనేత పెరట్లో లారీ వెనక నిలబడి ఉంది. చేయి చెక్క తలుపు మీద ఉంది. బస్తాల మధ్య మనిషి పట్టేంత వెచ్చని చీకటి. చెవుల్లో శిబిరంలోని గాలి హోరు. ఒక కాలు పైకి లేచింది కూడా.

"ఎక్కమ్మా, తొందరగా" అన్నాడు డ్రైవర్ వెనక్కి చూడకుండానే. "ఎవరడిగినా నిన్ను చూడలేదంటాలే."

ఆమె కాలు కిందికి దించింది. లారీ గేటు దాటి మలుపు తిరిగేదాకా చూసి, కుళాయి దగ్గరికి వెళ్లింది. ముఖం కడుక్కుని లోపలికొచ్చి, పిల్లల వార్డు దిండు గలీబులు మిగిలినవి ఇస్త్రీ చేసింది.

నాలుగున్నరకి మూట తీసింది. ఉన్ని మేజోళ్లు, తువాలు, సబ్బు ముక్క. రౌషన్ తన సంచిలోంచి గుండ్రటి రొట్టె తీసి ఆమె నోటి ముందు పెట్టింది.

"కొరుకు. మా కుర్రాళ్లు సైన్యానికి వెళ్లేటప్పుడు ఇలాగే కొరికి వెళ్తారు. మిగతాది తిరిగొచ్చి తింటారు. వస్తానని చెప్పు."

అగనేత రొట్టెని చేత్తో పక్కకి జరిపింది.

"తెలియకుండా ఎలా చెప్పనే?"

"నీ నిజాయితీ తగలెయ్య! చెప్పకు, పో. కొరికితే చాలు." రౌషన్ కళ్లు తుడుచుకుంది.

అగనేత కొరికింది. నమలడానికి చాలాసేపు పట్టింది. తలగుడ్డ ముడి బిగించి, మూట చంకన పెట్టుకుని, గోడ వారగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఐదుకి ఇంకా పది నిమిషాలుండగానే ఠాణా తలుపు తట్టిందట.

రొట్టెను రౌషన్ గుడ్డలో కట్టి మేకుకి తగిలించింది. చలికాలం వచ్చేసరికి అది రాయిలా ఎండిపోయింది. అంచున అర్ధచంద్రంలా పంటిగాటు, దాని మధ్యలో, పన్ను లేని చోట తెగకుండా మిగిలిన సన్నని రొట్టె ముక్క.