సంగవ్వ ఆర్పిన బట్టీ

శీతల్ పడిపోయినప్పుడు పసుపు బట్టీ దగ్గర పదకొండు మంది ఆడవాళ్లున్నారు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. నెత్తిన ఎండ, పక్కన పసుపు ఉడికే కడాయి. ఇరవై రెండేళ్ల పిల్ల, గంపెత్తుకుని నాలుగడుగులు వేసి కూలిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. తల్లి వెంకవ్వ నీళ్లు నీళ్లని మొత్తుకుంటుంటే, రేకుల నీడలో కూర్చున్న గజానన్ సేట్ అన్న మాట ఒక్కటే.

"కడాయి చల్లారనియ్యకుర్రి. కట్టెలెయ్యిర్రి."

వేశారు. మనం సిగ్గుపడాల్సింది అక్కడే. మహారాష్ట్ర సరిహద్దులోని మన కర్ఖేలి చుట్టుపక్కల ఒక కట్టుబాటు ఉంది. బట్టీ ఒకసారి రాజేస్తే కడాయి దించేదాకా ఆర్పకూడదు. పసుపంటే లక్ష్మి కదా, నడుమ ఆర్పితే ఇంటి లక్ష్మి వెళ్లిపోతుందట. ఎవరింటి లక్ష్మి? సేట్ ఇంటి లక్ష్మి. కూలోళ్ల ఇంటి లక్ష్మి మట్టిలో పడి కొట్టుకుంటున్నా సరే, మంట మాత్రం మండాలి.

ఆ కట్టెలు వేసిన చేతుల్లో సంగవ్వ చేతులూ ఉన్నాయి.

సంగవ్వ కడుపులో సంగతి కూడా చెప్పాలి. దాస్తే ఈ కథ అబద్ధమైపోతుంది. వెంకవ్వంటే ఆమెకు కుళ్లు. ఆ బట్టీకి ఏటా తొలి నిప్పు ముత్తైదువే పెట్టాలి. సేట్ భార్య బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెడుతుంది. పన్నెండేళ్లు ఆ నిప్పు సంగవ్వదే. నిరుడు ఆమె మొగుడు మాణిక్ అదే బట్టీ దగ్గర ఎండకు పడి ప్రాణం విడిచాడు. శవం తొందరగా ఇస్తారంటూ సేట్ ఏదో మరాఠీ కాగితం తెస్తే, ఏడుస్తూనే వేలిముద్ర వేసింది. తాగి చచ్చాడని అందులో రాసి ఉందట. మాణిక్ పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టినవాడు కాదు.

ఈ ఏడు తొలి నిప్పు వెంకవ్వ పెట్టింది. ఆమె చంకలో ఎర్ర జాకెట్టు గుడ్డ చూసిన రోజు సంగవ్వకు అన్నం సహించలేదు.

శీతల్ పోయినప్పుడు సంగవ్వ కూడా గుండెలు బాదుకుంది, అబద్ధమెందుకు. కానీ దినాలు కాగానే నాందేడ్ నుంచి ప్రాజక్త అనే కాలేజీ పిల్ల, మరో నలుగురు వచ్చారు. ఎండ ఎన్ని డిగ్రీలో చెబితే ఎవరికీ చీమ కుట్టినట్టైనా ఉండదు, నీ బిడ్డ గురించి నీ నోటితో చెప్పమని వెంకవ్వను అడిగారు. కార్లూ కార్ఖానాలూ ఉన్నవాళ్లు భూమిని వేడెక్కించారు, ఆ వేడి నీడ లేనివాళ్లను చంపుతోందని ప్రాజక్త విడమరిచి చెప్పింది. పదకొండు నుంచి నాలుగు దాకా బట్టీలు ఆపాలి, ఎండకు చచ్చినవాళ్లను ఎండకే చచ్చారని రాయాలి. అదే వాళ్ల డిమాండు. వెంకవ్వ ఉమ్రిలో చెప్పింది, బిలోలిలో చెప్పింది. నాందేడ్‌లో చెబితే సభంతా ఏడ్చిందట.

సంగవ్వకు అది పుండు మీద కారం. దాని బిడ్డ చావుకు సభలు, నా మొగుడి చావుకు తాగుబోతు కాగితమా అని రగిలిపోయింది. ఎదుటి మనిషి ఏడుపు మీద కూడా అసూయ పడే స్థితికి తెచ్చారు చూడండి మనల్ని.

మన మధ్య చీలిక మనకంటే ముందు సేట్లకే కనబడుతుంది. ఆ సభల దెబ్బకు శీతల్ చావు మీద విచారణకు ఆఫీసర్ రేపు వస్తాడనగా గజానన్ సేట్ సంగవ్వను పిలిపించాడు.

"శీతల్‌కు మొదటి సంది ఫిట్స్ ఉండెనని చెప్పు. అచ్చే ఏడు తొలి నిప్పు నువ్వే పెడుదువు. ముత్తైదువవా కాదా అని నన్నెవడు అడుగుతడు?"

సంగవ్వ తలూపింది.

మర్నాడు బట్టీ దగ్గరే సభ. మూడూళ్ల కూలీలు వచ్చారు. ఆఫీసర్ వచ్చినా మంట ఆగలేదు. వెంకవ్వ చెబుతుంటే ఎవరెవరు కళ్లు తుడుచుకుంటున్నారో సంగవ్వ చూస్తూ నిలబడింది. వెంకవ్వ శీతల్ పడిపోయిన దగ్గరికి వచ్చి ఆగింది.

"నిరుడు గీ జాగలనే మాణిక్ బావ పడ్డడు. గప్పుడు నేను కట్టెలేసిన. గా దినమే బట్టీ ఆర్పితే నా బిడ్డ బతుకుతుండె. సంగక్కా, ముందుగాల నీ కత చెప్పాలె. నాది తర్వాత."

జనం సంగవ్వ వైపు తిరిగారు. ఏమనుకుందో తెలుసా? శీతల్ పడ్డప్పుడు తను కూడా కట్టెలు వేసింది, ఆ ఒప్పుకునే మాట వెంకవ్వ తనకంటే ముందే అనేసిందే అనుకుంది. ఆ కుళ్లే ఆమెను ముందుకు తోసింది.

మాణిక్ కథ చెప్పింది. శీతల్ పడి ఉండగా తను బట్టీలో వేసిన కట్టెల గురించి చెప్పింది. వేలిముద్ర సంగతి, నిన్నటి ఫిట్స్ బేరం, అన్నీ సేట్ ముఖం మీదే చెప్పింది. ఆఫీసర్ పెన్ను కదలలేదు. పై నుంచి ఆర్డర్ కావాలి, మంట ఆపమనే అధికారం తనకు లేదన్నాడు.

"అధికారం లేదా? పన్నెండేండ్లు పెట్టిన నిప్పు. ఆర్పుడు నాకు ఎరుకే."

తాగే నీళ్ల బిందె ఎత్తి బట్టీ నోట్లో గుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. లక్ష్మి పోతదే అని సేట్ అరిచాడు. రెండో బిందె వెంకవ్వ పోసింది. ఆ వెనక బిందెలు వరస కట్టాయి. ఆ పగలు పదకొండు గంటలకు, ఆ ఊళ్లో తొలిసారి, దించని కడాయి కింద మంట ఆరిపోయింది.

సరుకు పాడు చేసిందని పోలీసులు సంగవ్వను పట్టుకుపోయారు. మర్నాడు సాయంత్రం ప్రాజక్త ఠాణాకు వచ్చి, ఉత్సాహంగా చెప్పింది, ఇవాళ పదకొండింటికి వెంకవ్వ ముందు నడిచి రెండు బట్టీలు ఆర్పించిందని.

సంగవ్వ ఊచలు పట్టుకుని లేచింది.

"ఒక్కతే రెండు ఆర్పిందా? ఇంకా ఎన్ని మండుతున్నయో చూసి రా బిడ్డా. నేను బయటికొచ్చేదాక నా వంతుకు ఒక్కటన్న మిగులుతదో లేదో."