రూబెన్ మంచం ఏ పారిష్‌లోది

మా హింటన్ కూమ్‌లో యుద్ధ స్మారకం ఎలా ఉండాలన్న దాని మీద రెండేళ్లు వాదించుకున్నారు. చర్చి గోపురానికి గడియారం కావాలని కొందరు, నీళ్ల పంపు కావాలని కొందరు. చివరికి రాతిపని చేసే హాలెట్ తాత పలక మీద సుద్దతో ఒక బొమ్మ గీసి చూపించాడు. ఎనిమిది పలకల పీఠం, దాని మీద మనిషికి రెండింతల ఎత్తున సాదా శిలువ. కత్తి లేదు, సింహం లేదు, పూలదండ లేదు.

"వానకి అరిగిపోయే సింగారం ఎందుకు? పేర్లు లోతుగా చెక్కుతాను. అవి ఉంటే చాలు," అన్నాడు. అందరూ సరేనన్నారు.

పేర్ల విషయంలో మాత్రం ఒక నియమం పెట్టారు. యుద్ధంలో పోయినవాళ్లలో మా పారిష్, అంటే మా చర్చి కిందికొచ్చే నేల, హద్దుల లోపల కాపురమున్నవాళ్ల పేర్లే ఉండాలి, హోదాలు లేకుండా, అక్షర క్రమంలో. పెద్ద బంగళా దొరసాని లండన్‌లో కాపురమున్న తన మేనల్లుడి పేరు, మేజర్ అన్న హోదాతో సహా, అందరికంటే పైన పెట్టమని అడిగినందుకు పుట్టిన నియమం అది. ఆవిడ ఊరుకుంది. కానీ అదే నియమం కెజయా స్టిక్లాండ్ కొడుకు రూబెన్‌కీ అడ్డం పడింది.

కెజయా ఇల్లు మా పారిష్‌కీ బ్రాడ్‌మేర్ పారిష్‌కీ సరిగ్గా మధ్యన, హద్దు మీదే ఉంది. వాకిలి మా వైపుంది కాబట్టి రూబెన్ మీవాడే అన్నారు బ్రాడ్‌మేర్ వాళ్లు. పైగా పోయినవాళ్ల పేర్లతో వాళ్ల ఇత్తడి పలక కిందటి క్రిస్మస్‌కే గోడకెక్కింది. బావీ పందుల కొట్టమూ ఆ వైపున్నాయి కాబట్టి మీవాడే అన్నారు మావాళ్లు. రూబెన్‌కి ఫ్రాన్స్‌లో సమాధి కూడా దొరకలేదు. ఇక్కడా రాయకపోతే అతని పేరు ఇంకెక్కడా ఉండదు.

నేను బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పుతాను. దస్తూరీ బాగుంటుందని స్మారకం కమిటీలో అనుకున్న మాటలు రాసే పని నాకు అప్పగించారు. మే నెల మొదటి వారం సమావేశంలో హాలెట్ తాత అన్నాడు:

"సోమవారం రాతి మీద గీతలు గీస్తాను. ఆ తర్వాత మధ్యలో ఇంకో పేరు దూర్చమంటే నావల్ల కాదు. ఇప్పుడే తేల్చండి."

పాదిరి లిడ్డన్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నాకు మాత్రం రాయాలని లేదా? ఇవాళ రూబెన్ కోసం నియమం సడలిస్తే, రేపు మేజర్ గారు వచ్చి నెత్తిన కూర్చుంటాడు."

"హద్దెక్కడుందో తెలీకుండానే కొట్టుకుంటున్నాం," అన్నాడు తాత. "క్రీస్తు ఆరోహణ పండగ వారంలో ఊరంతా కలిసి పారిష్ హద్దు వెంట నడిచేవాళ్లం. యుద్ధం మొదలయ్యాక మానేశాం. మళ్లీ నడుద్దాం పదండి. ఆ ఇంట్లోంచి గీత ఎలా పోతుందో నాకు గుర్తుంది. చిన్నప్పుడు నన్ను ఆ కిటికీలోంచే లోపలికి తోశారు."

గురువారం పొద్దున్నే బయల్దేరాం. తలా ఒక విల్లో బెత్తం పట్టుకుని, ప్రతి హద్దురాయినీ కొట్టుకుంటూ నడిచాం. రాయి గుర్తుండాలని ఎవరో ఒకర్ని ఎత్తి దాని మీద కుదేయడం ఆచారం. ఈసారి ఆ మర్యాద చర్చి పెద్ద, కసాయి కొట్టు గాలప్ గారికి దక్కింది. ఆయన్ని ఎత్తడానికి నలుగురు కావాల్సి వచ్చింది.

"ఇంకా ఎన్ని రాళ్లున్నాయ్?" అన్నాడాయన మూడో రాయి దగ్గర, వెనక రుద్దుకుంటూ.

"పందొమ్మిది."

"నాకు మూడే గుర్తుంటే చాల్లే!"

కెజయా ఇంటి దగ్గర గీత తిన్నగా వంటగది కిటికీలోకి పోయింది. పాదిరి గారు వాకిలి వైపు నడవబోతే తాత బెత్తం అడ్డం పెట్టాడు.

"చుట్టూ తిరిగెళ్తే అది హద్దు నడవడం అవదండీ. గీత ఎటుపోతే మనమూ అటే."

ఒక్కొక్కరమే కిటికీలోంచి దూరాం. నేను పావడా కూడదీసుకుని ఎలాగో దిగాను. గాలప్ గారు నడుము దాకా వచ్చి ఇరుక్కుపోయాడు. కెజయా పిండి చేతులతోనే ఆయన రెండు చేతులూ పట్టుకుని లాగింది.

"ఏం తింటావయ్యా అంబ్రోస్? కొట్లో మాంసం అమ్ముతున్నావా, నువ్వే మింగుతున్నావా?"

"నవ్వించకే తల్లీ, ఊపిరి పీలిస్తే ఇంకా బిగుసుకుంటోంది!"

అంతా నవ్వుతుండగా ఆయన బస్తాలా లోపల పడ్డాడు. కెజయా కెటిల్ పొయ్యి మీద పెట్టి కప్పుల కోసం వెళ్లింది. తాత మోకాళ్ల మీద కూర్చుని కిటికీ నుంచి రొట్టెల పొయ్యి నోటి దాకా సుద్దతో గీత గీశాడు.

"మనిషి ఎక్కడ పడుకుంటే అదే వాడి పారిష్. పాత రోజుల్నుంచీ అదే లెక్క," అన్నాడు. "ఏదీ వాడి మంచం?"

మంచం కనబడింది. కుంపటి పక్కన, గీతకి అవతల, పూర్తిగా బ్రాడ్‌మేర్ నేల మీద. పాదిరి గారు టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. కప్పులతో వచ్చిన కెజయా మా మొహాలు చూసి, ఏమైందని అడగకుండా టీ పోయడం మొదలుపెట్టింది.

నేను నేల వంక చూస్తున్నాను. కిటికీ కింద సున్నపు నేల మీద నాలుగు గుంటలున్నాయి. టీ కప్పు అడుగుభాగమంత గుండ్రంగా, ఏళ్ల తరబడి బరువు మోసి నున్నబడ్డ గుంటలు. కమిటీలో నేనెప్పుడూ నోరు విప్పలేదు. అయినా అడిగాను.

"కెజయా అత్తా, ఇక్కడ ఏముండేది?"

"రూబెన్ మంచమేనమ్మా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అక్కడే పడుకునేవాడు. వాడు పోయాడన్న కబురొచ్చాక కుంపటి దగ్గరికి జరుపుకున్నాను. ఇప్పుడు నేనే పడుకుంటున్నా అందులో."

తాత మళ్లీ మోకాళ్ల మీదికి దిగి వేలితో గుంటలు తడిమాడు. మూడు గుంటలు గీతకి ఇవతల, ఒకటి అవతల.

"తల ఎటు పెట్టేవాడు?"

"కిటికీ వైపు. పొద్దున్నే వెలుగొస్తుందని."

"మంచం కోళ్లు మూడు, తలకాయ మనవి!" గాలప్ గారు పిండి అంటిన కోటుతోనే ఎగిరి లేచాడు. "ఒక్క కోడు బ్రాడ్‌మేర్‌కి వదిలేద్దాం. రాసుకో అమ్మాయ్, రాసుకో!"

రాసుకున్నాను. పాదిరి గారు కింద సంతకం పెట్టారు. అప్పుడుగానీ కెజయాకి విషయం అర్థం కాలేదు. కెటిల్ కింద పెట్టి, ఒక్కొక్కరి మొహమూ చూసి, ఉన్న కేకంతా కోసి మా ముందు పెట్టేసింది.

జూన్‌లో తాత రూబెన్ పేరు చెక్కుతుంటే ఆమె బాల్చీ బోర్లించుకుని ఆ పక్కనే కూర్చుంది. ఆమెకి చదువు రాదు. ఒక్కో అక్షరం పూర్తయ్యాక అదేమిటని నన్నడిగి, గాడిలో వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపేది. వేలి నిండా రాతిపొడి.

"ఇంకా ఎన్నున్నాయమ్మా?"

"ఆరు, అత్తా."

"ఎండెక్కింది కెజయా, ఇంటికెళ్లు. సాయంత్రానికి అయిపోతుంది, అప్పుడొచ్చి చూద్దువుగాని," అన్నాడు తాత.

ఆమె బాల్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"మెల్లగానే కానీ హాలెట్. నాకేం తొందరలేదు."