మడిచిన రెక్క

చేతుల్లో వణుకు మొదలయ్యాక అవుసల నర్సప్ప కుంపటి ముందు కూర్చోవడం మానేశాడు. దాజీ పేట్‌లో చాలామంది ఆడవాళ్ల చెవులకు ఉన్నవి ఆయన చేసిన కమ్మలే. ఇప్పుడు మరమగ్గాల చప్పుడు వింటూ అరుగు మీద ఊరికే కూర్చునేవాడు.

పంతొమ్మిది వందల తొంభై ఆరులో, ఆయన కూతురు మంగళ పనిచేసే అశోక్ చౌక్ నగల దుకాణానికి కంప్యూటర్ వచ్చింది. పాతకాలపు నగ ఎలా కట్టాలో సూత్రాలుగా రాసిపెడితే, కొలత మార్చినప్పుడల్లా అది కొత్త నమూనా గీసిస్తుంది. ఆ సూత్రాల కోసం మంగళ తండ్రినే అడిగింది.

"నడిమి పువ్వు పెద్దగైతే రెక్కలు ఎక్కువ వెయ్యాలె బిడ్డా, రెక్క వెడల్పు చెయ్యొద్దు. సందుల పెట్టే గుండు రెక్కను దాటి బయటికి రావద్దు," అని ఆయన చెబుతుంటే ఆమె రాసుకునేది. తల్లి పోయాక ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు అంతగా మాట్లాడుకున్నది అప్పుడే.

పని పూర్తయ్యాక ఆయన్ను దుకాణానికి తీసుకెళ్లింది. తెర మీద కమ్మలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటుంటే నర్సప్ప రెప్ప వేయకుండా చూశాడు.

"మీ అవ్వ కమ్మలు వస్తయా దీంట్ల?" అని నెమ్మదిగా అడిగాడు.

మంగళ తల్లి యమునాబాయి బీడీలు చుట్టీ చుట్టీ దగ్గుతో మంచం పట్టి పోయింది. మందుల కోసం అమ్మిన ఆ కమ్మలు ఎప్పుడో కరిగిపోయాయి.

మంగళ గీసి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బంగారం సాలక ఆఖరి రెక్క పొట్టిగైంది. కానరాకుండ లోపలికి మడిచిన. మీ అవ్వ చూసి, నాకు గిదే మంచిగున్నది అన్నది."

సూత్రం అలాంటి రెక్కను ఒప్పుకోదు. మంగళ ఆ ఒక్క రెక్కకు వేరే సూత్రం రాసి లోపలికి మడిచింది. భార్య పోయిననాడు కూడా ఏడవని మనిషి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ నమూనాను చెరిపెయ్యడానికి మంగళకు చేతులు రాలేదు. అది దుకాణం యజమాని శ్రీధర్ శేఠ్ కంట పడింది. ఆమెకు చెప్పకుండానే అచ్చు పోయించి అలాంటి కమ్మలు చేయించాడు. దసరాకు మడత కమ్మలు బాగా అమ్ముడుపోయాయి.

ఒకరోజు చాయ్ తాగడానికి చౌక్ దాకా వెళ్లిన నర్సప్ప, కొత్త పెళ్లికూతురు ఒకామె చెవులకు వాటిని చూశాడు. కాస్త దూరం పోయాక ఇంకొకామెకు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

మంగళ శేఠ్ దగ్గరికి వెళ్లింది. "అవి మా అవ్వయి శేఠ్. ఇగ చెయ్యకుండ్రి."

"అందరు అడిగి మరీ కొంటున్నరు. మీ నాయినకు మంచి పేరే గద," అన్నాడు శేఠ్. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆమె బాధ ఏమిటో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. నర్సప్ప గోడవైపు తిరిగి పడుకునే అన్నాడు:

"మీ అవ్వను తల్సుకుంటే ఆ మడిచిన రెక్కనే ముందుగాల యాదికొస్తుండె, ఎనక ఆమె మొకం. ఇప్పుడు బజార్ల చూసిన పోరీల మొకాలొస్తున్నయ్ బిడ్డా."

మంగళ ఆయన పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. నెలాఖరుకు ఆ పని మానేసింది. కమ్మలు మాత్రం అమ్ముడుపోతూనే ఉన్నాయి.