“సరిచేయండి” అన్నందుకు

ఫిల్టర్ నొక్కితే సున్నా వచ్చింది.

కరీంనగర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సృజన కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ నొక్కింది. మళ్లీ సున్నాయే. మంచిర్యాల రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్‌కు ఎక్కించిన కుటుంబాల్లో మేనమామను చేసుకున్న ఇల్లు ఒక్కటీ లేదట! చెవిలో పువ్వు పెట్టడానికైనా ఒక హద్దుండాలి. సృజన బాపే, అంటే నాన్నే, ఆమె అవ్వకు, అంటే అమ్మకు, సొంత మేనమామ.

ఆ కేంద్రం కోసం సృజన వాళ్ల ఆఫీసు చేసిచ్చింది, కంప్యూటర్‌కు చుట్టరికాలు నేర్పే సాఫ్ట్‌వేర్. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏం కాలేరు అన్న లెక్కంతా అందులో ఉంటుంది. ఆఫీసులో దాన్ని ఆంటాలజీ అంటారు, ఇంట్లో సృజన ‘చుట్టాల లెక్క’ అంటుంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే రక్తజబ్బుల కోసం పెట్టిన కేంద్రం కాబట్టి, రక్తసంబంధంలో పెళ్లయిన వాళ్లను ముందు పరీక్షకు పిలుస్తారు. కడుపుతో ఉన్నవాళ్లనైతే మరీను. సున్నా వస్తే ఎవరిని పిలుస్తారు?

తప్పు ఫిల్టర్‌దేమోనని సృజన తన ఇంటినే ఎక్కించి చూసింది. అవ్వకు బాపు ‘భర్త’ అంటే ఒప్పుకుంది. ‘మేనమామ’ అని కూడా చేర్చగానే తెర మీద ఎర్ర అక్షరాలు లేచాయి.

“అసంగతం. సరిచేయండి.”

ఏది అసంగతం? ఎందుకు? అడిగితే చెప్పే రకం కాదది, ఊరికే కళ్లెర్రజేస్తుంది. లోపలికెళ్లి తవ్వితే నియమం దొరికింది: మేనమామ, భర్త ఒకే మనిషి కారాదు. విదేశాల నుంచి తెచ్చి వాడుకున్న నియమం, అది రాసిన వాళ్ల దేశంలో కారు కాబోలు. మరి కేంద్రంలో ఈ ఎర్రదాన్ని ఎలా దాటుతున్నారు? ఆగలేక, అక్కడ వివరాలు ఎక్కించే బాలలక్ష్మికి ఫోన్ చేసింది.

“అక్కా, మేనమామను చేసుకున్నోళ్లు వస్తే ఎట్ల ఎక్కిస్తున్నవ్?”

“ముందుగాల మస్తు పరేషాన్ అయిన బిడ్డా. ఎర్రగైతది, ముందటికి పోదు. బయట జనం లొల్లి.”

“మరేం జేసినవ్?”

“మేనమామ అన్న ముక్క తీసేస్తె సప్పుడు జెయ్యకుంట పోతది. సరిచెయ్యుమన్నది, సరిచేసిన.”

పాపం, బాలలక్ష్మిని సృజన ఏమనగలదు? అబద్ధం నేర్పింది ఎర్ర అక్షరాలే కదా. సృజనకు తమ సాఫ్ట్‌వేర్ మీదే ఒళ్లు మండింది.

నియమాన్ని సడలించి, సందేశాన్ని తిరగరాసింది: “ఈయన ఈమెకు మేనమామ అనీ, భర్త అనీ రాశారు. రెండూ నిజమైతే అలాగే ఉంచండి. ఒకటి పొరపాటైతే అదొక్కటే మార్చండి.”

“మెసేజా, ఉత్తరమా?” అని నవ్వాడు ఆఫీసు నడిపే శరత్‌చంద్ర.

“సదివేది మనిషే గద సార్,” అంది సృజన.

మార్పులన్నీ సాఫ్ట్‌వేర్‌లో గుర్తుంటాయి. అందుకని ఇంకో ఫిల్టర్ కూడా కట్టింది: ఎర్రబడ్డాక చుట్టరికం తీసేసిన ఇళ్లన్నీ చూపించేది. దాన్ని పట్టుకుని తనే మంచిర్యాల బస్సెక్కింది.

బాలలక్ష్మి పక్కన కూర్చుని నొక్కగానే పేర్లు బిలబిలమంటూ వచ్చాయి. సున్నా ఎక్కడికి పోయిందో!

“ఒక్కొక్కలకు ఫోన్ జేసి పిలుద్దాం అక్కా,” అంది సృజన సంబరంగా.

తెర మీద బాలలక్ష్మి వేలు ఒక వరుస దగ్గర ఆగిపోయింది. ప్రవళిక. భర్త గోపాల్. తీసేసిన చుట్టరికం: మేనమామ.

“ఎవలక్కా?”

“నా బిడ్డ. గోపాల్ నా తమ్ముడే.” అంది బాలలక్ష్మి. “మనింటిదే గద, ఏమైతదని నేనే తీసేసిన. గిప్పుడు దానికి మూడో నెల.”

సృజన సంబరమంతా చప్పున చల్లారింది. భయమేసింది. ఆమె చెయ్యి పట్టుకుంది. బాలలక్ష్మి రెండో చేత్తో ఫోన్ తీసింది.

“బిడ్డా, నువ్వు, గోపాల్ మామ ఇద్దరు రేపు పొద్దుగాల జర ఈడికి రాండ్రి. రక్తం పరీక్షకు. ఫికర్ జెయ్యకు, నేనుంట గద.”

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. ప్రవళిక వరుసలో ‘మేనమామ’ అని తిరిగి చేర్చింది. కొత్త సందేశం వచ్చింది. రెండూ నిజమైతే అలాగే ఉంచండి అన్నదాకా కూడబలుక్కుని చదివింది.

“నిజమే,” అంది తెరతో, పైకే.