సోమవారం నుంచి ఉచితం

"దేశం అప్పుల్లో మునిగింది గ్లెనిస్. అందరం కొన్నాళ్ళు కడుపు కట్టుకోవాలి," అన్నాడు మా ఆయన క్లైవ్, నేను వేయించిన బంగాళాదుంపలు మూడోసారి వడ్డించుకుంటూ.

కొత్త ప్రభుత్వం వచ్చి ఏడాది కాలేదు. నీలం పార్టీ, పసుపు పార్టీ పొత్తు పెట్టుకున్నాయి. ఆ రెండు రంగులూ కలిస్తే ఆకుపచ్చ వస్తుందని బడిపిల్లలకి కూడా తెలుసు కాబట్టి, ఇక దేశమంతా పచ్చగా ఉంటుందని క్లైవ్ నమ్మాడు. టీవీలో వాళ్ళు ఖర్చులకి కోత వేస్తారు, సోఫాలో ఈయన కోతలు కోస్తాడు. ముందు లైబ్రరీ మూశారు. "ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారులే," అన్నాడు. తర్వాత వాళ్ళమ్మని వారానికి మూడు రోజులు చూసుకునే ముసలివాళ్ళ సెంటర్ మూశారు. "నువ్వున్నావుగా," అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు అర్థం కావలసింది, ఈ దేశం మిగుల్చుకునేదంతా ఎక్కడో ఒక ఆడదాని నడుం మీంచే వస్తుందని. కానీ మా అత్తగారు ఎడ్నాకి స్నానం చేయించే హడావిడిలో, అర్థం చేసుకునే తీరిక దొరకలేదు.

మూడో కోత నా మీదే పడింది. పందొమ్మిదేళ్ళుగా నేను బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటిస్తున్నాను. పసుపు కోటు, 'ఆగండి' అని రాసిన గుండ్రటి పలకతో పొడుగాటి కర్ర. నేను చెయ్యెత్తితే లారీ ఆగుతుంది. ఇంట్లో ఎంత అరిచినా టీవీ కూడా ఆగదు. లోకంలో నా మాటకి ఎవరైనా ఆగే చోటు ఆ పది గజాల తారు రోడ్డే.

నాకు జీతమిచ్చే ఊరి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. శుక్రవారంతో ఉద్యోగం రద్దు. కింద మర్యాదగా ఇంకో వాక్యం: ఇష్టమైతే సోమవారం నుంచి అదే పని స్వచ్ఛందంగా చేయవచ్చు. జీతం వాళ్ళు ఉంచుకుని, కర్ర నన్ను ఉంచుకోమన్నారు.

"కర్ర పట్టుకుని నిలబడ్డానికి జీతమేంటే అసలు," అంది అత్తగారు, నేను తల తుడుస్తుంటే. "మా కాలంలో ఎవరి పిల్లల్ని వాళ్ళే దాటించుకునేవాళ్ళం."

హెడ్‌మిస్ట్రెస్ పికర్స్‌గిల్ గారు గేటు దగ్గర భుజం తట్టింది. "మీరు మానలేరు గ్లెనిస్, నాకు తెలుసు. మీది డబ్బు చూసే మనసు కాదు."

క్లైవ్ ఉద్యోగం చేసే గోదాములో జీతం లేకుండా పనిచేసిపెట్టమని అతని మనసుని మాత్రం ఇంతవరకూ ఎవరూ పొగడలేదు.

శుక్రవారం సాయంత్రం ఆరేళ్ళ అనీసా ఎప్పట్లాగే నా చిటికెన వేలు పట్టుకుంది.

"సోమవారం మా అమ్మ జెల్లీ చేస్తుంది. నీకు తెస్తా. ఉంటావుగా?"

కర్ర ఎత్తి అవతలి వైపుకి దాటించాను. "ముందు కుడివైపు చూడాలి. తర్వాత ఎడమ. మళ్ళీ కుడి," అన్నాను.

"తెలుసులే. రోజూ చెప్తావుగా," అంది, వేలు వదిలేసి.

అట్నుంచి అటే వెళ్ళి, కోటు విప్పి మడిచి, కర్రతో సహా కౌన్సిల్ ఆఫీసులో అప్పగించాను.

సోమవారం పొద్దున్న ఆ సంగతి చెప్పేసరికి క్లైవ్ చేతిలో టోస్టు అలాగే ఉండిపోయింది.

"అదేంటి? పసిపిల్లలు వాళ్ళు. ఎవరికైనా ఏదైనా జరిగితే?"

"జరిగితే తప్పెవరిది?"

"అంటే... నువ్వుంటే జరగదుగా."

"వాళ్ళు మాన్పిస్తే పొదుపు. నేను మానేస్తే పాపం. అంతేగా క్లైవ్?"

పక్కగదిలోంచి అత్తగారు టీ కోసం కేకేసింది. "మీ అమ్మకి నువ్వియ్యి," అన్నాను.

ఎనిమిదిన్నరయింది. మా వీధి చివరే ఆ రోడ్డు. అనీసా ఈపాటికి అంచుకి వచ్చి నిలబడి ఉంటుంది. కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. లేవలేదు. కాళ్ళు నా మాట విన్నాయి గాని, చెవులే వినలేదు. ఏ బ్రేకు ఎప్పుడు కీచుమంటుందోనని అవి ఆ తారు రోడ్డు మీదే నిలబడి ఉన్నాయి.