నాలుగో లంక

మా ఆయన ఫిలిప్‌కి సముద్రం మీద ఆరేళ్ల అనుభవం ఉందని మా నగరం ఊళ్లో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయనే చెప్పుకున్నారు. గ్రీసు దేశంలో తెరచాప పడవ మీద పని. అక్కడి కుటుంబాలు పిల్లాజెల్లాతో పడవెక్కి, దీవి తర్వాత దీవి చూసుకుంటూ వారాల తరబడి తిరుగుతాయట. వాళ్లకి వండిపెట్టి, తాళ్లు లాగి, లంగరు వేసి, ఏడాదికి ఒక్క నెల మాకు మిగిలేవారు.

ఈసారి వచ్చాక కొత్త పాట అందుకున్నారు. మన వైనతేయ గోదావరిలో లంకలు లేవా, మన ఊళ్లలో కుటుంబాలు లేవా, మనమే తిప్పుదాం అన్నారు. పాత నాటుపడవ ఒకటి బాగుచేయించి తెల్లటి చాప కట్టారు. నాకు లోపల ఒకటే సంతోషం. పైకి మాత్రం "చూద్దాంలెండి" అన్నాను. ఉండిపొమ్మని నేనెప్పుడూ అడగలేదు. అడిగాక ఆయన కాదంటే తట్టుకోలేనని భయం.

ఇంతలో గ్రీసు కంపెనీ వాళ్లు మళ్లీ రమ్మన్నారు. రెండో శనివారం సాయంత్రం ఆరింటిలోగా ఔనో కాదో చెప్పాలట. సరిగ్గా ఆ రోజే మమ్మల్ని పడవెక్కించారు. నన్ను, పదమూడేళ్ల మా సుస్మితని, మా అత్తగారు జ్ఞానమ్మగారిని.

"ఇదే మొదటి ట్రిప్పు, మెర్సీ. బాగా జరిగితే ఉండిపోతాను. లేదంటే వెళ్లిపోతాను" అన్నారు.

ఒక్క రోజులో ఐదు లంకలు. ఏ లంకలో ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి, దానికి ప్లాస్టిక్ అట్ట కూడా వేయించారు. మొదటి లంకలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు విప్పామో లేదో, "టైమైంది, ఎక్కండి" అని కేక. రెండో లంకలో సుస్మిత కాళ్లు తడుపుకునేలోపే ఎక్కించేశారు. మా బళ్లో డ్రిల్లు మాస్టారు నయం.

పదింటికి నాలుగో లంక చేరాం. వాళ్లమ్మ చీర తడవకూడదని పడవని ఒడ్డుకి బాగా దగ్గరగా తెచ్చి లంగరు వేశారు. అత్తయ్యగారు దిగి, నీళ్ల వైపు ఒకసారి చూసి, గట్టు మీద తుండు పరుచుకుని తీరిగ్గా కూర్చున్నారు.

కాగితం ప్రకారం మేం లేచేసరికి పడవ కింద నీళ్లు లేవు. బురదలో ఓ పక్కకి ఒరిగి ఉంది. ఆయనా నేనూ మోకాలి లోతు దిగి నెట్టాం. అంగుళం కదల్లేదు.

గ్రీసులో ఆయన తిరిగిన చోట నీళ్లు పెద్దగా పెరగవు, తరగవు. మా ఏరు అలా కాదు. సముద్రం పోటు మీదుంటే నిండుతుంది, పాటు వస్తే గంటల్లో దిగిపోతుంది. ఇక్కడ పుట్టిన మనిషి ఆరేళ్లకే ఆ మాట మర్చిపోయారు! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"మళ్లీ పోటెక్కేసరికి సాయంత్రం ఐదవుద్ది" అన్నారాయన, తల పట్టుకుని. "సొంత ఏరే తెలీనోణ్ణి నమ్మి ఎవరెక్కుతారు? వచ్చేస్తానని ఆ కంపెనీ వాళ్లకి మెసేజి పెట్టేస్తాను." జేబులోంచి ఫోను తీశారు.

వద్దనడానికి అదే అదను. నేను మాత్రం కాళ్ల బురద దులుపుకుంటూ నిలబడ్డాను.

"ఆరింటిదాకా టైముందన్నావు కదా. ముందు కూర్చోరా" అన్నారు అత్తయ్యగారు.

చేసేదేం లేక కూర్చున్నారు. క్యారేజీ విప్పి చేపల పులుసు వడ్డించాను. ఆయన మారు వడ్డించుకుని తినడం చూసి ఎన్నాళ్లయిందో! సుస్మిత ఆయన దగ్గర తాడు ముడులు నేర్చుకుంది. మొదటి ముడి ఊడిపోతే ఇద్దరూ విరగబడి నవ్వారు. అత్తయ్యగారు తన కూలి రోజులు చెప్పుకొచ్చారు. పాటు వేళ నడిచి ఈ లంకకే వచ్చి, గడ్డి కోసి, పోటెక్కేలోపు మోపులతో పరుగున ఏరు దాటేవారట. వింటూ వింటూ ఆయన అమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయారు.

అప్పుడు తట్టింది నాకు. "నీళ్లు దిగిపోతాయని మీకు ముందే తెలుసాండీ, అత్తయ్యగారూ?"

"తెలీకేం? పడవ దిగేటప్పుడే చూసేను."

"మరి చెప్పలేదేమండీ?"

"చెబితే ఐదో లంకకి పరిగెట్టించేవాడు. వచ్చి నెలయింది, ఒక్కపూటైనా నా పక్కన కూర్చున్నాడా? ఇయ్యాల కూర్చున్నాడు." కొడుకు జుట్టు సవరించారు. "నాకు కావలసింది నేను చూసుకున్నానమ్మా. నీ సంగతి నువ్వు చూసుకో."

నాకు కళ్లు చెమర్చాయి. ఆ ముసలావిడకున్న ధైర్యంలో సగం కూడా నాకు లేకపోయింది.

ఐదింటికి పడవ మెల్లగా నిటారుగా లేచింది. ఆయన కళ్లు నులుముకుంటూ ఫోను అందుకున్నారు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వెళ్లకండి. మీరు కావాలి నాకు. పాటు వేళలు అత్తయ్యగారు చెబుతారు, కాగితం నేను రాస్తాను. రోజుకి రెండు లంకలు చాలు."

ఆయన ఫోను దించారు. "ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకనలేదు, మెర్సీ?"

"మీరు ఎప్పుడు కూర్చున్నారు గనక?"

రానని రాసి, నాకు చూపించి మరీ పంపించారు. సుస్మిత లంగరు లాగింది. అత్తయ్యగారు పడవెక్కి, "ఒరే, ఐదో లంక కూడా ఉందన్నావు కదా?" అన్నారు.

"వచ్చే శనివారం వెళ్దామమ్మా" అన్నారాయన. ప్లాస్టిక్ అట్ట కాగితం అమ్మ తడి కాళ్ల కింద వేశారు.