బంద్ బందైంది

తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని అంబులెన్సులో కూర్చున్న ఎవాంజెలిన్‌కు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. పొద్దున డ్యూటీకి పోతూ బైకు మీంచి పడ్డాడు యేసుకుమార్. తలలో రక్తం గడ్డకడుతోంది, జల్దిగా కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు గోదావరిఖనిలో డాక్టర్లు. జల్దిగానట! తెలంగాణ కోసం ఊరూరా రాస్తారోకో నడుస్తున్న రోజది. బంద్ వాళ్లు అంబులెన్సును ఆపరు, నిజమే. కానీ వాళ్లకూ అంబులెన్సుకూ మధ్య మైలు పొడవున లారీలు నిలబడితే సైరన్ మోగి ఏం లాభం?

అయినా ఆమెకొక ధైర్యం ఉంది. ఎంటెక్‌లో ఆమె పరిశోధన సరిగ్గా ఇదే. దారులు మూతపడుతూ, తెరుచుకుంటూ ఉంటే దగ్గరి దారిని ఎప్పటికప్పుడు సరిదిద్దడం. ఒక దారి తెగిందని పటమంతా మొదటినుంచి లెక్కెయ్యక్కర్లేదు. ఆ దారిని నమ్ముకున్న ఊళ్లేవో వాటినే ముట్టుకోవాలి, మిగతా లెక్క చెక్కుచెదరదు. కంప్యూటర్లో వేల దారులతో ఆడుకున్న మనిషికి ఈ నాలుగూళ్లు ఒక లెక్కా! పైగా ఫోనులో వార్తలందించడానికి నాన్న స్నేహితుడు లింగమూర్తి ఉండనే ఉన్నాడు. యూనియన్ మనిషి, ఏ ఊరి ఉద్యమ శిబిరంలోనైనా ఆయనకు తెలిసినవాళ్లే.

బసంత్‌నగర్‌లో లారీలు ఆగాయని ఆయన ముందే చెప్పబట్టి, కమాన్‌పూర్ మీదుగా పెద్దపల్లి చేరారు. అక్కడ మళ్లీ ఆయన ఫోను, ఒకటే గరగర.

"బిడ్డా, సుల్తానాబాద్ కాడ బంద్ బందైంది! బంద్ బందైంది, ఇంటున్నవా?"

ఫోను తెగిపోయింది. ఆమె ముందు సీట్లోని డ్రైవరు నర్సింగాన్ని కేకేసింది.

"సుల్తానాబాద్ గూడ బందేనట! నర్సింగం, ధర్మారం దిక్కు మలుపు. చొప్పదండి మీదికెల్లి పోదాం."

"శాన దూరమైతది గదక్కా!" అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు గదే దగ్గర. నడువు!"

సుల్తానాబాద్ దారిని తీసేస్తే అంతకన్నా దగ్గరి దారి లేదు, లెక్క కరెక్టే. గుంతల్లో వ్యాను ఎగిరెగిరి పడుతోంది. తమ్ముడి ఊపిరి గురకగా మారింది. "కుమార్, ఇగ జరంతేరా, కండ్లు తెరువురా" అని బతిమాలుతూ, మధ్యమధ్య ప్రభువును పిలుస్తూ ధర్మారం దాటింది. అప్పుడు మోగింది ఫోను.

"చేరినరా బిడ్డా? డాక్టర్ ఏమన్నడు?"

"యాడ చేరినం కాకా! సుల్తానాబాద్ బందైందంటివి గదా, చొప్పదండి దిక్కు వోతున్నం."

"అయ్యో! నేనన్నది బంద్ ఖతమైందని! రోడ్డంత ఖాళీ బిడ్డా, గప్పట్నుంచే ఖాళీ!"

తెరుచుకున్న దారిని ఆమె చేజేతులా లెక్కలోంచి కొట్టేసింది. ఇంత చదువూ చదివి, తెరిచిండ్రా మూసిండ్రా అని ఒక్క మాట అడగలేకపోయింది. తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

"అక్కా, ఎనుకకు మలపాల్నా?"

వెనక్కి పోతే వచ్చిన దూరమంతా మళ్లీ మొదలు. "వద్దు, ముంగటికే ఉరికియ్యి!" అని అరిచింది. అంతలోనే ఒళ్లో గురక ఆగింది. తల ఒక పక్కకు వాలింది.

ఫోనులో లింగమూర్తి ఏడుస్తున్నాడు. "నా నోరు పడిపోను, సక్కగ చెప్పకపోతి. పోరడు ఎట్లున్నడు బిడ్డా?"

ఆమె తమ్ముడి చెంప తట్టింది. మళ్లీ తట్టింది. ఆ పెద్దమనిషికి ఏమని చెప్పాలి?

"మంచిగనే ఉన్నడు కాకా," అంది. "పోతున్నం."

ముందు సీట్లో నర్సింగం సైరన్ మోగిస్తూ, దొరికిన ప్రతి సందులోంచీ వ్యానును ఉరికిస్తూనే ఉన్నాడు. ఆపమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.